కమోడ్ జరపాలంటే ముందు వాటం చూడండి

పాత ఫ్లాట్‌లో బాత్రూమ్ మళ్ళీ కట్టించుకునేవాళ్ళలో ఎక్కువమంది టైల్స్ దుకాణంతో మొదలుపెడతారు. రంగు, సైజు, షవర్‌కి అద్దం తలుపు, గోడకు వేలాడే కమోడ్ అన్నీ తేలాక ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి ప్లంబర్‌ని పిలుస్తారు. కమోడ్ ఈ గోడ నుంచి ఆ గోడకు రావాలి, షవర్ కిటికీ కిందికి పోవాలి, వాష్‌బేసిన్ తలుపు పక్కన ఉండాలి అంటారు. ఆయన సరేనంటాడు, ఎందుకంటే పైపు ఎక్కడికైనా వేయొచ్చు. వేసిన పైపులో మురుగు ఆగకుండా పోతుందా, అందుకోసం స్లాబుని ఎంత కొట్టాల్సివస్తుంది, కింది ఇంటి కప్పుకి ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఆ గీతల్లో కనిపించవు. అవి ఏడాది తర్వాత చెమ్మ రూపంలో బయటపడతాయి. ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఒక్కటే. బాత్రూమ్ ప్లాన్‌ని మురుగు పైపు దగ్గర మొదలుపెట్టాలి, టైల్స్ దగ్గర ముగించాలి. స్లాబు జోలికి పోకుండా ఏది ఎంత దూరం జరుగుతుందో ముందు లెక్కతేల్చుకుని, ఆ హద్దులోనే మిగతా అందమంతా అమర్చుకోవాలి.

దీనికి కారణం నీళ్ళు ప్రవహించే తీరులోనే ఉంది. కుళాయిలోకి వచ్చే నీళ్ళు పై ట్యాంకు నుంచో పంపు నుంచో ఒత్తిడితో వస్తాయి. ఆ పైపుని పైకి లేపొచ్చు, కిందికి దించొచ్చు, నాలుగు మలుపులు తిప్పొచ్చు, ఫాల్స్ సీలింగ్ మీదుగా తీసుకెళ్ళి అవతలి గోడకు దింపొచ్చు. ముప్పాతిక అంగుళం సీపీవీసీ పైపుకి ఇటుక గోడలో చిన్న గాడి చాలు. మురుగు సంగతి వేరు. దాన్ని తోసేవాళ్ళెవరూ లేరు. అది తన బరువుతో తానే పోవాలి, అందుకే పైపు పొడవునా వాటం కావాలి. కమోడ్‌కి వాడే 110 మిల్లీమీటర్ల పైపుకి 40కి 1 చొప్పున, అంటే మీటరుకి 25 మిల్లీమీటర్లు దిగేలా వాటం ఇవ్వడం మంచి పద్ధతి. మేస్త్రీలు అడుగుకి పావు అంగుళం అంటారు, అదీ దాదాపు ఇంతే. మరీ ఇరుకైతే 60కి 1 దాకా వెళ్ళొచ్చు, అంతకు తగ్గితే నీళ్ళు పోయి మలినం మిగిలిపోతుంది. పాతకాలపు ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా నీళ్ళు వదిలేవి కాబట్టి వాటం కాస్త తక్కువైనా తోసుకుపోయేది. ఇప్పుడు అందరూ పెట్టుకుంటున్నవి 3, 6 లీటర్ల రెండు మీటల ట్యాంకులు. నీళ్ళు ఆదా చేయడం మంచిదే, కానీ ఆ తక్కువ నీళ్ళతో మలినం ప్రధాన గొట్టం దాకా చేరాలంటే పైపు పొట్టిగా, మలుపులు తక్కువగా, వాటం సరిగ్గా ఉండాలి. కమోడ్‌ని దూరం జరుపుతూ ఫ్లష్ నీళ్ళని తగ్గిస్తే రెండు దిక్కుల నుంచీ ఇబ్బందే.

మన అపార్ట్‌మెంట్లలో ఆ వాటానికి చోటెక్కడుందో చూద్దాం. బాత్రూమ్ స్లాబుని మిగతా గదుల స్లాబు కంటే కిందికి దించి పోస్తారు. దాన్నే సంకన్ స్లాబు అంటాం. కొన్ని కట్టడాల్లో 9 అంగుళాలు, కొన్నిట్లో అడుగు, అక్కడక్కడా అంతకంటే ఎక్కువ లోతు ఉంటుంది. పైపులు ఆ గుంటలో పడుకుంటాయి, వాటి మీద ఇటుక ముక్కలో సిండరో నింపి, పైన కాంక్రీటు పరిచి టైల్స్ వేస్తారు. 9 అంగుళాలంటే సుమారు 225 మిల్లీమీటర్లు. అందులో అడుగున వాటర్‌ప్రూఫింగ్‌కీ దాని మీది గచ్చుకీ 20 పోతాయి. పైన టైలూ దాని కింది మాలూ కలిసి 60. పైపు మందం 110. మిగిలింది 35 మిల్లీమీటర్లు. మీటరుకి 25 చొప్పున దిగాలంటే ఈ 35 మీటరున్నరలోపే అయిపోతుంది. అంటే గోడలోంచి పైపు బయటికి వెళ్ళే చోటు నుంచి కమోడ్ దాకా, మలుపులన్నీ కలుపుకుని, నాలుగున్నర అడుగులు మించకూడదు. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న మామూలు బాత్రూమ్‌లో ఈ మూల నుంచి ఆ మూలకు జరపడం కుదరదని ఇక్కడే తేలిపోతుంది. అదే సంకన్ అడుగు లోతుంటే మిగులు 110 మిల్లీమీటర్లవుతుంది, సుమారు 14 అడుగుల దూరం దొరుకుతుంది. 3 అంగుళాల తేడా ఒక ఇంట్లో అసాధ్యమైనదాన్ని పక్కింట్లో సులువు చేస్తుంది. అందుకే పక్క అపార్ట్‌మెంట్‌లో చేశారు కదా అన్న మాట ఇక్కడ పనికిరాదు. కమోడ్ ఒక్కదాన్నే చూసి ఊరుకోకూడదు కూడా. షవర్‌ని జరిపితే నహానీ ట్రాప్ జరగాలి. దుర్వాసన పైకి రాకుండా ఆ ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీరు ఎప్పుడూ నిలిచుండాలి కాబట్టి ట్రాప్‌కే కొంత లోతు కావాలి, దాని నుంచి పోయే 75 మిల్లీమీటర్ల పైపుకీ వాటం కావాలి.

ఈ లోతు తెలుసుకోవడానికి నేల పగలగొట్టనక్కర్లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వెనుక డక్ట్ ఉంటుంది. అందులో నిలువు గొట్టానికి మీ పైపు కలిసే జాయింట్ కనిపిస్తుంది. లోపలి టైల్స్ మట్టాన్ని మేస్త్రి వాడే నీళ్ళ లెవెల్ పైపుతో కిటికీలోంచి డక్ట్ గోడ మీదికి తెచ్చి గీత పెట్టి, అక్కడి నుంచి జాయింట్ దగ్గర పైపు అడుగు దాకా టేపుతో కొలిస్తే మీకు దొరికే మొత్తం లోతు ఎంతో తెలిసిపోతుంది. బిల్డర్ ఇచ్చిన ప్లంబింగ్ డ్రాయింగ్ ఉంటే దాన్నీ చూడండి, అయితే కొలతనే నమ్మండి. డ్రాయింగ్‌లో ఒకటి ఉండి సైట్‌లో మరొకటి వేయడం అరుదు కాదు. డక్ట్‌లో మరో సంగతి కూడా గమనించాలి. పాత భవనాల్లో రెండు నిలువు గొట్టాలుంటాయి. ఒకటి కమోడ్ మురుగుకి, రెండోది స్నానం, వాష్‌బేసిన్ నీళ్ళకి. రెండోది కింద గల్లీ ట్రాప్‌లో పడుతుంది. దగ్గరగా ఉంది కదా అని కమోడ్ పైపుని ఈ రెండో గొట్టానికి కలిపితే మలినం గల్లీ ట్రాప్‌లో ఇరుక్కుని భవనంలోని అన్ని అంతస్తుల స్నానాల నీళ్ళూ ఆగిపోతాయి. ఇలాంటి కలయిక ఎంత తప్పో ఒప్పుకోని ప్లంబర్‌తో పని పెట్టుకోకపోవడం మేలు.

లోతు చాలకపోతే స్లాబులోనే ఒక అంగుళంన్నర గాడి కొడితే సరిపోదా అని అడుగుతారు. పని చేసేవాళ్ళు కూడా ఈ ఉపాయం తేలిగ్గా చెబుతారు, పైన టైల్స్ పడ్డాక ఎవరికీ కనిపించదు కాబట్టి. ఒప్పుకోకూడని పని ఇదే. ఇళ్ళ స్లాబు మందం మామూలుగా 5 అంగుళాలు, అంటే 125 మిల్లీమీటర్లు. అందులో 40 మిల్లీమీటర్ల గాడి తీస్తే ఆ గీత వెంట 85 మిగులుతుంది. మందంలో పోయింది మూడో వంతే అయినా నష్టం అంతకంటే చాలా పెద్దది. స్లాబు వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 125లో 85 అంటే 0.68, దాని ఘనం 0.31. అంటే ఆ గీత దగ్గర బిగువు మూడో వంతుకి పడిపోతుంది. ఇది కాంక్రీటు లెక్క. కడ్డీల సంగతి ఇంకా ఉంది. స్లాబు మధ్య భాగంలో ముఖ్యమైన ఇనుము అడుగున ఉంటుంది, బీముల దగ్గర పైన ఉంటుంది. బాత్రూమ్‌లు చిన్నవి, నాలుగు పక్కలా బీములో గోడలో దగ్గరగా ఉంటాయి కాబట్టి పైనుంచి కొట్టే గాడి సరిగ్గా ఆ పైఇనుముకే తగులుతుంది. సాధారణ వాతావరణంలో స్లాబు కడ్డీల మీద కనీసం 20 మిల్లీమీటర్లు, తీవ్రమైన వాతావరణంలో 45 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పు ఉండాలని ఐఎస్ 456:2000 చెబుతుంది. గాడి కొట్టిన చోట ఆ కప్పు అసలే ఉండదు. సంకన్‌లో చేరిన తడి నేరుగా ఇనుముని పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని చీలుస్తుంది, కింది ఇంట్లో పెచ్చులు రాలతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి తోడై ఇది మరింత త్వరగా జరుగుతుంది.

పూర్తిగా కొత్త రంధ్రం వేయడం గాడి కొట్టడం లాంటిది కాదని ఇంజినీర్లు చెబుతారు, అది నిజమే. 110 మిల్లీమీటర్ల పైపుకి 5 అంగుళాల రంధ్రం కావాలి. కడ్డీలు 4 నుంచి 6 అంగుళాల ఎడంలో ఉంటాయి కాబట్టి ఒకటో రెండో తెగడం దాదాపు ఖాయం. అయినా సరైన చోట, రీబార్ స్కానర్‌తో కడ్డీల జాడ చూసి, స్ట్రక్చరల్ ఇంజినీర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, కోర్ కటింగ్ యంత్రంతో గుండ్రంగా తీసిన ఒక్క రంధ్రాన్ని స్లాబు తట్టుకోవచ్చు. అదే రంధ్రాన్ని సుత్తీ ఉలీతో, బ్రేకర్‌తో తీస్తే చుట్టూ అడుగు మేర కాంక్రీటు బీటలిస్తుంది. హైదరాబాద్‌లో వస్తున్న కొత్త టవర్లలో ఇంకో రెండు సంగతులు తెలిసుండాలి. కొన్నిట్లో స్లాబులు పోస్ట్ టెన్షన్ పద్ధతిలో ఉంటాయి, లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. వాటిలో ఒకటి తెగితే పనివాడి ప్రాణానికే ప్రమాదం. చాలా టవర్లు మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అక్కడ గోడలు కూడా కాంక్రీటే, భవనం బరువు మోసేవి అవే. ఆ గోడల్లో కుళాయి పైపు కోసం గాడి కొట్టడం కూడా స్లాబుని కొట్టడంతో సమానం. అలాంటి ఇళ్ళలో నీళ్ళ పైపులు గోడ ముందు నుంచి తీసుకెళ్ళి సన్నటి ప్యానెల్‌తో కప్పుకోవాలి.

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళకి ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడి ఇళ్ళకి సంకన్ ఉండదు. నేల మీద నేరుగా పోసిన స్లాబు, మురుగు పైపులు దాని కింద మట్టిలో ఉంటాయి. కమోడ్ జరపాలంటే కాంక్రీటు కోసి, మట్టి తవ్వి, కొత్త పైపు వేసి, తనిఖీ అయ్యాక మట్టి దట్టించి, కోసిన అంచుల్లో కడ్డీలు గుచ్చి మళ్ళీ పోయాలి. కింద ఎవరి కప్పూ లేదు, లోతుకి కొదవ లేదు. కాబట్టి మన దగ్గర వాటం వల్ల ఆగిపోయే పని అక్కడ సాధ్యమే. కానీ ఉబ్బే నల్లమట్టి ఉన్న ఆ ప్రాంతంలో పోస్ట్ టెన్షన్ స్లాబులు మామూలు, ఒక్కో తీగని సుమారు 33,000 పౌండ్ల బలంతో, అంటే 15 టన్నుల దాకా లాగి బిగిస్తారు. ఈ స్లాబుని కోయవద్దన్న ముద్ర తరచు గ్యారేజీ నేల మీద కనిపిస్తుంది. తీగలెక్కడున్నాయో స్కాన్ చేయించకుండా, పర్మిట్ తీసుకోకుండా రంపం పెట్టనివ్వకండి.

మళ్ళీ మన ఫ్లాట్‌లకి వస్తే, కొత్త కట్టడాల్లో చాలాచోట్ల లోతైన సంకన్ మానేసి పైపుల్ని స్లాబు కింద, కింది ఇంటి బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ లోపల వేలాడదీస్తున్నారు. ఆ పైపులు మీవి, అవి ఉన్న చోటు వాళ్ళది. అలాంటి ఇంట్లో కమోడ్ జరపడమంటే కింది ఇంటి సీలింగ్ విప్పి వాళ్ళ తల మీద పని చేయించడం. వాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప ఆ ఆలోచన చేయకూడదు. సంకన్ ఉన్న ఇంట్లో కూడా మీ నేల వాళ్ళ కప్పే. నా ఇంట్లో నా ఇష్టం అనే వాదన స్లాబు దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే మీ తప్పుకి నష్టం మీకు కాదు, కింద వంటింట్లోనో పడకగదిలోనో ఉన్నవాళ్ళకి జరుగుతుంది. చట్టపరంగానూ ఒక లెక్కుంది. రెరా చట్టం 2016 ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళ లోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీరే స్లాబుని కొట్టించాక లీకు వస్తే ఆ లోపం ఎవరిదన్న వివాదంలో మీ చేతిలో ఆధారం ఉండదు. కొత్త ఇంట్లో కమోడ్ జరపాలనుకునేవాళ్ళు కనీసం ఆ 5 ఏళ్ళు ఆగడం తెలివైన పని.

స్లాబుని ముట్టుకోకుండా బాత్రూమ్ నేలనే ఆరంగుళాలు ఎత్తు చేస్తే వాటం దొరుకుతుంది కదా అన్నది మరో ఆలోచన. వాటం దొరికేమాట నిజం. బరువు లెక్క చూడండి. బాత్రూమ్‌లో మనుషులు, సామాన్లు కలిపి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు పడొచ్చని డిజైన్‌లో అనుకుంటారు. ఇటుక ముక్కలూ కాంక్రీటూ కలిపి ఆరంగుళాలు నింపితే అదనంగా చదరపు మీటరుకి 280 కిలోల పైచిలుకు అవుతుంది, అదీ ఎప్పటికీ దిగని బరువు. తేలిక రకం ఏఏసీ బ్లాకుల ముక్కలతో నింపితే దాదాపు 90 కిలోలకి తగ్గుతుంది, ఇంజినీర్ ఒప్పుకుంటే చేయొచ్చు. కానీ తడి బాత్రూమ్ గుమ్మంలో ఆరంగుళాల మెట్టు పెద్దవాళ్ళ తుంటి ఎముకకి పొంచి ఉన్న ప్రమాదం. ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే ఈ దారిని నేను సిఫారసు చేయను. మలినాన్ని నూరి పంపుతో తోసే యంత్రాలూ ఉన్నాయి. కరెంటు పోతే ఆగిపోతాయి, చప్పుడు చేస్తాయి, గుడ్డముక్కో శానిటరీ ప్యాడో పడితే మొరాయిస్తాయి. రోజూ అందరూ వాడే ఏకైక బాత్రూమ్‌కి అవి తగవు.

అసలు జరపడం ఎందుకు కావాలో ఒకసారి నిదానంగా చూసుకుంటే, చాలాసార్లు జరపకుండానే ఆ అవసరం తీరుతుంది. తెలుగిళ్ళలో కమోడ్ జరపడానికి తరచు వినిపించే కారణం వాస్తు, కూర్చునే దిక్కు మారాలని. దిక్కు మారడానికి చోటు మారనక్కర్లేదు. మలినం నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్ అయితే, రంధ్రం రెండు గోడలకీ తగినంత ఎడంలో ఉంటే, అదే రంధ్రం మీద కమోడ్‌ని పక్కకి తిప్పి కూర్చోబెట్టొచ్చు. రంధ్రం మధ్య నుంచి గోడకి ఉండాల్సిన ఎడం కమోడ్ మోడల్‌ని బట్టి 225 మిల్లీమీటర్లో 300 మిల్లీమీటర్లో ఉంటుంది, కొనేముందు గోడ టైల్ మందం కూడా కలిపి కొలవాలి. గోడలోంచి మలినం పోయే పీ ట్రాప్ అయితే డక్ట్ గోడ వెంటే అటూ ఇటూ జరపడం సులువు. పైపు గోడ ముందు పడుకుని ఫ్రేము లోపల దాగుతుంది, నేలని ముట్టుకునే పనే ఉండదు. గోడకి వేలాడే కమోడ్ కావాలనుకునేవాళ్ళకి ఇదే మంచి అదను. స్థలం చాలట్లేదని జరపాలనుకునేవాళ్ళు తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం, లేదా జరుగుడు తలుపు పెట్టడం ఆలోచించాలి. తడి అంతటా పాకుతోందని జరపాలనుకునేవాళ్ళకి ఒక గాజు పలక, నేల వాటం సరిచేయడం సరిపోవచ్చు. వాష్‌బేసిన్‌ని మాత్రం ధైర్యంగా మార్చుకోండి. దాని నుంచి వచ్చేది వట్టి నీళ్ళే, సన్నటి పైపు చాలు.

ఇంత లెక్క వేశాక లోతు చాలుతుందని, స్లాబు కొట్టాల్సిన పని లేదని తేలితే నిస్సంకోచంగా జరపండి. ఈ అధ్యాయం జరపడానికి వ్యతిరేకం కాదు, కొలవకుండా జరపడానికి వ్యతిరేకం. పనిలో శ్రద్ధ పెట్టాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. పాత ఫిల్లింగ్ అంతా తీసేసి సంకన్ అడుగు స్లాబు కనబడేదాకా శుభ్రం చేయించాలి. సగం తీసి సగం వదిలితే పాత చెమ్మ కొత్త పని కింద అలాగే ఉంటుంది. గోడా నేలా కలిసే మూలల్లో గుండ్రంగా మాలు తీర్చి, రెండు కోట్ల వాటర్‌ప్రూఫింగ్ గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు దాకా వేయించాలి. ఆ తర్వాతే పైపులు. 90 డిగ్రీల మలుపు ఒకటి వేసే చోట రెండు 45 డిగ్రీల మలుపులు వేస్తే మలినం ఆగదు. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దానికి అతకదు. అందుకే గోడలోంచి వెళ్ళే చోట పైపుకి సాల్వెంట్ పూసి ఇసుక అద్ది గరుకు చేసి, కుంచించుకుపోని గ్రౌట్‌తో చుట్టూ పూడ్చాలి. లీకుల్లో చాలావరకు ఈ గోడ రంధ్రం దగ్గరే పుడతాయి. సంకన్ అడుగున చేరిన నీళ్ళు డక్ట్‌లోకి పోయేలా సన్నటి పైపు ఒకటి పెట్టించాలి. ఎప్పుడైనా పైన లీకైతే ఆ పైపులో చుక్కలు పడి మీకు ముందే తెలుస్తుంది, నీళ్ళు కింది ఇంటి కప్పులోకి ఇంకవు. పైపులు మూసేముందు టేపు పెట్టి ప్రతి పైపుకీ గోడల నుంచి దూరం కనబడేలా ఫొటోలు తీసి దాచుకోండి. రేపు గ్రాబ్ బార్‌కో గీజర్‌కో డ్రిల్లు పెట్టేటప్పుడు అవి అక్కరకొస్తాయి. ఫిల్లింగ్ అయ్యాక పైన కాంక్రీటు మీద మరోసారి వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఆ తర్వాతే టైల్స్ వేయించాలి.

పరీక్షలు రెండున్నాయి, రెండూ టైల్స్ కంటే ముందే జరగాలి. నీళ్ళ పైపుల్ని మూసి చేతిపంపుతో మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, మీటరు ముల్లు దిగుతుందేమో కొన్ని గంటలు చూడాలి. సంకన్‌లో వాటర్‌ప్రూఫింగ్ ఆరాక అన్ని రంధ్రాలూ మూసి నీళ్ళు నిలబెట్టి కనీసం 48 గంటలు ఉంచాలి. గోడ మీద మట్టం గీత పెట్టి, ఆవిరికి మించి దిగిందా అని చూడాలి. ఆ రెండు రోజులూ పని ఆగిపోతుందని, కూలీ దండగని కాంట్రాక్టర్ అంటాడు. పని ఒప్పుకునేటప్పుడే ఆ రెండు రోజుల కూలీని లెక్కలో కలిపి రాసుకుంటే ఆ మాట రాదు. చివరి విడత డబ్బుని కూడా టైల్స్ పూర్తవడానికి కాకుండా ఈ పరీక్ష నెగ్గడానికి ముడిపెట్టండి. నీళ్ళు నింపేముందు కింది ఇంటివాళ్ళకి చెప్పి, వాళ్ళ బాత్రూమ్ కప్పునీ పక్కగది గోడ మూలనీ వాళ్ళ ఎదుటే ఫొటో తీయండి. 48 గంటల తర్వాత మళ్ళీ వెళ్ళి అదే చోట ఇద్దరూ కలిసి చూడండి.